బురద పాదాల ముత్యాలమ్మ

మొన్న సోమవారం తెల్లవారుతుండగా సూర్యాపేట దవాఖానలో మా యారాలు కన్నుమూసింది. మా మరిది భార్య. కోదాడ నుంచి కోడలై వచ్చి, మిర్యాలగూడలో మిల్లుల వెనుక వీధిలో, నా పక్క ఇంట్లోనే ముసలిదైంది. చుట్టాలు ఫోన్ చేసి ఎంత వయసు, ఏం జబ్బు అని అడుగుతున్నారు. అవి చెప్పాను. వాళ్లు అడగనిది ఇక్కడ రాస్తున్నాను.

మా వీధి చివర ముత్యాలమ్మ గుడి ఉంది. గుడి అంటే ఒక చిన్న గది, వెనుక గోడ మీద అమ్మవారి బొమ్మ. ఏటా బోనాల ముందు గోడకు సున్నం కొట్టి బొమ్మను మళ్లీ వేయాలి. కాపురానికి వచ్చిన ఏడు నుంచీ అది ఆమె పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తలస్నానం చేసి, ఏమీ తినకుండా, గోడ ముందు చాప వేసుకొని కూర్చునేది. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా కుంచె ముట్టేది కాదు. ఏమైందని అడిగితే "అమ్మ ఇంక రాలే" అనేది, బస్సు కోసం చూసేవాళ్లలాగా.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఆ బొమ్మకు కుడి చేయి ఎడమ చేతికంటే పొడుగు. ఒకసారి స్కేలు, పెన్సిలు తీసుకుపోయి ఇచ్చాను.

"అక్కా, మీ అమ్మ నిన్ను స్కేలు పెట్టే కన్నదా?" అన్నది.

వెనక కూర్చున్నవాళ్లకు కూడా ఆ చేయి అందాలట. చేతులు సమానంగా లేవని నేను ఇప్పటికీ అంటాను. నేనన్నానని ఆమె వేలెడు కూడా తగ్గించలేదు.

అందరూ ముఖంతో మొదలుపెడతారు, ఆమె పాదాలతో. నిలబడనిదానికి నగలెందుకు అనేది. కండ్లు మాత్రం బోనాల రోజున, ఆడవాళ్లంతా ఆ పాదాలకు పసుపు పూసినాకే పెట్టేది.

ఒక ఏడు ఆ పాదాలకు పారాణి బదులు బురద వేసింది, పిక్కల దాకా. గుడి కమిటీ పెద్దమనిషి మండిపడ్డాడు. దేవతకు బురదేంది, చెరిపెయ్యమన్నాడు. ఆమె గొంతు పెంచలేదు, కుంచె దించలేదు.

"నాట్లప్పుడు మేమంత పొలంల ఉంటే, ఈమె ఒక్కతే గుడిల కూసుంటదా అన్నా? నాకైతే గిట్లనే కనవడ్డది. నీకు వేరే తీరు కనవడితే ఇగో, కుంచె వట్టు."

ఆయన పట్టలేదు. అప్పటి నుంచి మా ముత్యాలమ్మ కాళ్లకు బురదే.

ఈ ఏడు పాదాలు, చీర, చేతులు, ముఖం అయ్యాయి. బోనాలు రాకముందే ఆమె మంచం పట్టింది. కండ్లు మిగిలిపోయాయి.

దినాలు కాకముందే కమిటీ వాళ్లు గుడి బయట టైల్స్ డబ్బాలు దింపించారు. వాటి మీద అచ్చువేసిన అమ్మవారు, కడిగిన పాదాలు. కండ్లు లేని బొమ్మ వీధికి అరిష్టమని పెద్దమనిషి మా ఇంటికి వచ్చి చెప్పాడు. టైల్స్ వద్దంటే పెయింటర్‌తో కండ్లు పెట్టిస్తానన్నాడు. రెండూ వద్దన్నాను.

"లెక్కలు చెప్పినదానివి, నువ్వు గూడ గిట్ల మాట్లాడుతవా అక్కా?"

"లెక్క తెలుసు గనుకనే చెప్తున్న. ఆమె ఎక్కడ ఆపిందో గోడ అక్కడనే ఉంటది. అమ్మకు చూడాలని ఉంటే, ఎవరి చేతికి రావాల్నో ఆ తల్లికే తెలుసు."

మర్నాడు పొద్దున్నే గుడికి పోయాను. మైలలో ఉన్నదాన్ని, గడప దాటకూడదు. దాటలేదు. గడపకు అడ్డంగా కుర్చీ వేసుకొని కూర్చున్నాను. టైల్స్ మేస్త్రీ వచ్చాడు. నా భుజం మీదుగా లోపలికి చూసి, చెప్పులు విడిచాడు. తాపీని సంచిలో వేసుకొని వెళ్లిపోయాడు.

నేను రోజూ పోతున్నాను. మిల్లు పనికి పోయే ఆడవాళ్లు వస్తే మాత్రం కుర్చీ పక్కకు జరుపుతాను. వాళ్లు టిఫిన్ డబ్బాలు ఆ టైల్స్ పెట్టెల మీద పెట్టి, లోపలికి పోయి బురద పాదాలకు పసుపు పూస్తారు. తిరిగి వచ్చేముందు కండ్లు లేని ఆ ముఖం వైపు తలెత్తి, కొంగు సర్దుకుంటారు.