చీటీలేసి పంచిన పన్నెండు కత్తులు

తెలంగాణ వచ్చిన మరుసటి సంవత్సరం జూన్‌లో నన్ను జల్‌పల్లి అవతల ఉన్న ఒక మాంసం శుద్ధి కేంద్రానికి స్టోర్ కీపర్ గ్రేడ్-2గా బదిలీ చేశారు. మాదన్నపేటలో ఇల్లు, రెండు బస్సులు మారి వెళ్లాలి. నాలుగేళ్ల క్రితం, యాభై రెండో ఏట, స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా అక్కడే పనిచేశాను. ఆ ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో పై అధికారులు ఎక్కువగా మెచ్చుకున్నది ఒక కత్తుల పరీక్ష. దాని గురించే ఇక్కడ రాస్తున్నాను.

మా కేంద్రంలో గొర్రెల తోలు ఒలిచే పనివాళ్లు పన్నెండు మంది. రికార్డుల్లో వీళ్లను ఫ్లేయర్లు అంటారు. తోలు ఒలవడమంటే మాంసం కోయడం కాదు. తోలుకూ కండకూ మధ్య ఉండే పలుచటి పొర వెంట కత్తిని నడిపించాలి. అంచు ఒక వెంట్రుకవాసి లోపలికి వెళితే మాంసం పోతుంది, పైకి వస్తే తోలుకు గాటు పడుతుంది. గాటు పడ్డ తోలును చెప్పులకు తప్ప మంచి సరుకుకు తీసుకోరు.

వీళ్లందరికీ కత్తులు హుస్సేనీ ఆలంలో ఖాజా మియా అనే ఆయన కొలిమి నుంచి వచ్చేవి. ఏడాదికి అరవై కత్తులు. లారీ కమాన్ పట్టీని సాగగొట్టి, నూనెలో ముంచి, బర్రె కొమ్ముతో పిడి బిగించేవాడు. ఆయనకు మాది కాక వేరే పని అప్పటికి దాదాపు లేదు. బజారు మటన్ దుకాణాలన్నీ తెల్ల పిడి ఫ్యాక్టరీ కత్తులకు మారిపోయాయి. మా ఆర్డరు ఉంటే కొలిమి ఉంటుంది, లేకపోతే ఉండదు. ఈ సంగతి నాకు మొదటి నెలలోనే తెలుసు.

ఖాజా మియా కత్తి చేసే పద్ధతి చెప్పాలి. కొత్త పనివాడు చేరితే ఆయనే మా కేంద్రానికి వచ్చేవాడు. అరచేతి చుట్టూ ఒక నూలు దారం చుట్టి, చూపుడు వేలు మొదటి కణుపు దగ్గర ముడి వేసేవాడు. ఆ తర్వాత పక్కన నిలబడి, ఆ మనిషి నాలుగు గొర్రెలు ఒలిచేదాకా మణికట్టు ఎటు తిరుగుతున్నదో చూసేవాడు. అడిగేదేమీ ఉండదు. కొలిమిలో ఒక పలకకు పన్నెండు మేకులు, పన్నెండు దారాలు. ఏ కత్తి ఎవరిదో పిడి మీద చిన్న గీతలతో గుర్తు పెట్టేవాడు. ఒకరి కత్తిని ఇంకొకరు ముట్టుకోరు. అడిగినా ఇవ్వరు.

నేను చేరిన రెండో ఏడు ఆడిట్ అభ్యంతరం వచ్చింది. ఒకే మనిషి దగ్గర, పోటీ లేకుండా, ఏళ్ల తరబడి కొంటున్నారేమని. మా భాషలో దీన్ని నామినేషన్ కొనుగోలు అంటారు, ఆడిటర్లకు అసలు గిట్టదు. కొనుగోళ్ల డిప్యూటీ మేనేజర్ సుధాకర్ గారు నన్ను పిలిచి, ఫ్యాక్టరీ కత్తికీ ఖాజా మియా కత్తికీ సాంకేతిక పరీక్ష పెట్టి పట్టిక తయారు చేయమన్నారు. నన్నే ఎందుకంటే, నాకు లెక్కల పిచ్చి ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు. చదువు ఇంటర్‌తో ఆగిపోయినా, పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఒక గణాంకశాస్త్రం పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివాను.

పరీక్ష శ్రద్ధగానే రూపొందించాను. ఒక్కో మనిషి చేతి కత్తితో వంద తోళ్లు, ఫ్యాక్టరీ కత్తితో వంద తోళ్లు ఒలవాలి. ఆరుగురు ముందు చేతి కత్తి, ఆరుగురు ముందు ఫ్యాక్టరీ కత్తి, ఆ తర్వాత తారుమారు. వాడిన కత్తులు పనికిరావు, రెండు రకాలూ కొత్తవే కావాలి. ఒలిచిన ప్రతి తోలునూ నేనే వెలుతురుకు పట్టి చూసి గాట్లు రాస్తాను. ఇంతకుముందు తోళ్లు గుత్తగా కాంట్రాక్టరుకు వెళ్లేవి, గాట్ల లెక్క ఎవరూ పెట్టలేదు.

ఎవరికి ఏ కత్తి అన్నదానికి చీటీలు వేశాను. నా పుస్తకంలో అదే ఉంది. మనిషి ఎంచుకుంటే పక్షపాతం, చీటీ ఎంచుకుంటే నిష్పక్షపాతం. ఖాజా మియా తెచ్చిచ్చిన పన్నెండు కత్తుల పిడుల మీది గీతలు కనబడకుండా కాగితం పట్టీలు అంటించి, ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు వేశాను. స్టీలు గిన్నెలో చీటీలు కలిపి ఒక్కొక్కరినే తీయమన్నాను.

మొదట చీటీ తీసినవాడు మైసయ్య. పన్నెండు మందికీ పెద్ద, ఎడమచేతి వాటం. కత్తి చేతిలోకి తీసుకున్నాడో లేదో బల్ల మీద పెట్టేశాడు.

"ఇది నాది గాదు సార్. గీ పిడి జహంగీర్ భాయ్‌ది."

"ఎవరిదో తెలియకూడదనే కదయ్యా పట్టీలు వేసింది" అన్నాను.

"పట్టి నీ కండ్లకేసినవ్ సార్, నా చేతికెట్లేస్తవ్?" అన్నాడు. వెనకాల ఉన్నవాళ్లు నవ్వారు. ఒకడు, "లగ్గాలు గూడ గిట్లనే చీట్లేసి చేద్దాం సార్, లొల్లే ఉండది" అన్నాడు. నేను కూడా నవ్వి, తర్వాతి చీటీ తీయమన్నాను.

జహంగీర్‌కు వచ్చింది మైసయ్య కోసం చేసిన కత్తి. ఎడమచేతివాడికి చేసిన కత్తికి అంచు వాలు రెండోవైపు ఉంటుంది. కుడిచేత్తో పడితే అది తనంతట తానే తోలు పట్టుకున్న ఎడమ చేతి వైపు లాగుతుంది. అప్పటికి నాకు ఇది తెలియదు. తెలుసుకునే అవకాశం మాత్రం అదే రోజు వచ్చింది. రసీదు కోసం గేటు దగ్గర కూర్చున్న ఖాజా మియాకు ఎవరో సంగతి చేరవేశారు. ఆయన లోపలికి వచ్చేశాడు.

"సాబ్, మైసయ్యది డావా హాత్. వాలు ఉల్టా పెట్టిన. అది జహంగీర్‌కిస్తే తోలు కాదు, వాని వేలు పోతది."

సరఫరాదారు పరీక్ష జరిగే చోటికి రాకూడదని, పనివాళ్లతో మాట్లాడకూడదని నిబంధన ఉంది. అదే చెప్పాను.

"మాట్లాడ సాబ్. పట్టీలు తీసెయ్యున్రి, ఎవలది వాళ్లకియ్యున్రి. అటెన్క నేను ఓడిపోతే సలాం జేసి పోత."

"అట్లా ఇస్తే మీకు అనుకూలంగా పెట్టినట్టు అవుతుంది మియా."

"పక్కోని చెప్పులు తొడిగి ఉరుకుమంటే ఎవడురుకుతడు సాబ్?"

నేను వాచ్‌మన్‌ను పిలిచి ఆయనను గేటు బయటికి పంపించాను. పరీక్ష రిజిస్టరులో 'సరఫరాదారు జోక్యానికి ప్రయత్నించాడు, నివారించడమైనది' అని ఒక వాక్యం రాశాను. రాసేటప్పుడు నాకు నా మీద గౌరవమే కలిగింది.

రెండో రోజు మధ్యాహ్నం జహంగీర్ ఎడమ చేతి బొటనవేలు కింద తెగింది. నాలుగు కుట్లు. పట్టికలో 'భద్రత' అని ఒక గడి ఉంది. ఈ ప్రమాదాన్ని చేతి కత్తి ఖాతాలో రాశాను, ఎందుకంటే తెగింది చేతి కత్తితోనే. జహంగీర్ కట్టు కట్టించుకుని వచ్చాడు. మైసయ్య వాడిని చూపిస్తూ, "లెక్కల రాసుకో సార్, ఒకటి తక్వైతది మళ్ల" అన్నాడు. జహంగీర్ నాలుగు రోజులు ఆగి తన వంద తోళ్లు పూర్తి చేశాడు.

ఫలితాలు ఇవి. చేతి కత్తులతో ఒలిచిన పన్నెండు వందల తోళ్లలో గాట్లు పడ్డవి నూట నలభై నాలుగు. ఫ్యాక్టరీ కత్తులతో నూట ఎనిమిది. అంటే నూటికి పన్నెండు, నూటికి తొమ్మిది. న్యాయంగా చెప్పాలంటే ఫ్యాక్టరీ కత్తి చెడ్డదేం కాదు. అంచుకు రెండువైపులా ఒకే వాలు, ఏ చేతికైనా ఒకేలా ఉంటుంది. మరుగుతున్న నీళ్లలో వేసి కడగొచ్చు. పోతే ఇంకొకటి అచ్చం అలాంటిదే వస్తుంది.

పట్టిక టైపుకు పంపేముందు, నాకున్న అలవాటు కొద్దీ, మనిషివారీగా మళ్లీ చూశాను. ఇద్దరి అంకెలు విడిగా కనబడ్డాయి. ఏడో నంబరు మనిషికి చేతి కత్తితో నాలుగు గాట్లు, పదకొండో నంబరు మనిషికి మూడు. అదే ఇద్దరికి ఫ్యాక్టరీ కత్తితో ఎనిమిది, తొమ్మిది. స్టోరుకు వెళ్లి ఆ రెండు కత్తుల పట్టీలు ఊడదీసి పిడుల మీది గీతలు చూశాను. చీటీలో ఆ ఇద్దరికీ ఎవరి కత్తి వాళ్లకే వచ్చింది. పన్నెండు చీటీలు వేస్తే సగటున ఒకటి తన సొంతదారుకే చేరుతుందని లెక్క. మాకు రెండు చేరాయి. మిగతా పది మంది, పరాయి కత్తులతో, వెయ్యి తోళ్లలో నూట ముప్పై ఏడు గాట్లు పెట్టారు.

మొత్తం పరీక్షకు అర్థం ఆ ఇద్దరి వరుసల్లో ఉంది. ఖాజా మియా అమ్మే సరుకు కత్తి ఒక్కటే కాదు, ఆ కత్తీ దాన్ని పట్టే చెయ్యీ కలిసి ఒక సరుకు. నేను ఆ రెండింటినీ విడదీసి, విడదీసినదాన్ని తూచాను.

ఒక కాగితం మీద ఈ లెక్క వేసి సుధాకర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. కొనుగోళ్ల కమిటీ సమావేశానికి ఇంకా రెండు రోజులుంది. ఆయన కాగితం పూర్తిగా చదివారు. తెలివైనవారు, ఒక్కసారికే అర్థమైంది.

"ఇద్దరితో ఏం తేలుతుందయ్యా? నీ పుస్తకంలో ఇద్దరు సరిపోతారని ఉందా?"

"లేదు సార్. అందుకే మళ్లీ పరీక్ష పెడదామని. ఈసారి ఎవరి కత్తి వాళ్లకిచ్చి."

"పెట్టొచ్చు. మరి మొదటి పరీక్ష తప్పని ఎవరు రాస్తారు? సంతకం నీది. ఒకడికి కుట్లు పడ్డాయి, అది ఎవరి తప్పని అడిగితే?" కాగితం నా వైపు జరిపారు. "ఫైల్లో పెడతానంటే నేనేమీ ఆపను. నీ ఇష్టం."

ఆయన నన్ను బెదిరించలేదు. ఈ విషయంలో ఆయన మీద ఏదైనా నెపం వేయాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను, కుదరలేదు. కాగితాన్ని నా బల్ల సొరుగులో పెట్టాను. నాలుగు పేజీల నివేదిక మాత్రమే కమిటీకి వెళ్లింది. ఇద్దరు చాలరన్న మాట నిజమే కాబట్టి, రెండు రోజుల పాటు నాకు నేను అదే చెప్పుకున్నాను.

కమిటీ పది నిమిషాల్లో ఫ్యాక్టరీ కత్తులకు ఆమోదం ఇచ్చింది. ఖాజా మియాకు ఇవ్వాల్సిన ఉత్తరాన్ని నేనే తయారు చేసి, ముట్టినట్టు సంతకం కావాలి కనుక నేనే హుస్సేనీ ఆలం తీసుకెళ్లాను. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమన్నాడు. మీ సరుకు సాంకేతిక ప్రమాణాలకు తూగలేదని, ఆర్డరు కొనసాగించలేమని చెప్పాను.

"ఎవలి కత్తి ఎవలికిచ్చిన్రో, గది రాసిన్రా సాబ్ ఇండ్ల?"

"రాయలేదు."

"మీకు ఎర్కనేనా?"

ఎరికే అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు. అది మంచితనం అనుకోవద్దు, అప్పటికే ఉత్తరం ఆయన చేతిలో ఉంది, నా నిజం వల్ల ఏదీ మారదు. ఆయన రసీదు మీద ఉర్దూలో సంతకం చేసి ఇచ్చాడు. "మైసయ్యకైనా వాని కత్తి వానికియ్యున్రి" అని మాత్రం అడిగాడు.

అదీ కుదరలేదు. పరీక్షలో తప్పిన నమూనాలను తుక్కు కింద జమ చేయాలని నియమం. మైసయ్య స్టోరుకు వచ్చి రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. పన్నెండు కత్తులనూ కలిపి నేనే తూచాను. రెండు కిలోల నూట అరవై గ్రాములు. ఒక్కోటి సగటున నూట ఎనభై. కొమ్ము పిడులు ఇనుము కాదు కాబట్టి వాటిని కొట్టి తీసేసి మళ్లీ తూచమన్నారు. తూచాను.

ఏడాది తిరగకముందే కొలిమి ఆరిపోయింది. ఆ చోట ఆయన అల్లుడు కూలర్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. ఖాజా మియా ఆ దుకాణం ముందు స్టూలు మీద కూర్చునేవాడని మైసయ్య చెప్పాడు. నేను వెళ్లి చూడలేదు. మా నివేదికను పై ఆఫీసు మిగతా కేంద్రాలకు నమూనాగా పంపింది. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు, అది నా సర్వీసు రిజిస్టరులో నమోదై ఉంది. తోళ్లకు నూటికి తొమ్మిది గాట్లు పడుతూనే ఉన్నాయి. అంతకుముందు ఎన్ని పడేవో ఎవరూ లెక్కపెట్టలేదు కనుక, పెరిగాయని గానీ తగ్గాయని గానీ అనేవాళ్లు లేరు.

ఇప్పటికీ తెలిసినవాళ్లు, ముఖ్యంగా కొత్తగా మటన్ దుకాణమో హోటలో పెట్టేవాళ్లు, చేతితో చేయించిన కత్తి కొనాలా ఫ్యాక్టరీది కొనాలా అని నన్ను అడుగుతుంటారు. పదిమంది పట్టుకునే కత్తయితే ఫ్యాక్టరీది కొనమంటాను. ఒక్కడే, రోజంతా, ఏళ్ల తరబడి పట్టేదైతే చేయించుకోమంటాను. ఎక్కడ చేయిస్తారని అడిగితే మాత్రం నా దగ్గర చిరునామా లేదు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నవి రెండు. ఏది ఒక సరుకో, ఎక్కడ అది మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాన్ని చేసేవాణ్నీ వాడేవాణ్నీ అడిగి తెలుసుకున్న తర్వాతే పరీక్ష రూపొందించాలి. ఇది లెక్కల పాఠం, ఎవరైనా పొరబడొచ్చు. రెండోది, పొరబాటుకు ఒక గడువు ఉంటుంది. నా విషయంలో అది కమిటీ కూర్చునేదాకా, రెండు రోజులు. ఆ తర్వాత దాన్ని పొరబాటు అనే హక్కు నాకు లేదు.