ఎద్దుల బేరగాడితో తుపాకీ కొనడానికి

ఆ రోజుల్లో మా అద్దంకి వైపు పల్లెల్లో తుపాకీ లైసెన్సు ఉన్నవాడికి, పట్నంలో చదివొచ్చినవాడికి ఉన్నంత గౌరవం ఉండేది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చదువు గౌరవం ఎలాగూ దక్కలేదు కాబట్టి రెండోదాని మీద ఆశ పెట్టుకున్నాను. మా మెట్ట చేలో వేరుశనగని అడవిపందులు తవ్విపోస్తుంటే, నాన్న పోయాక నన్ను పెంచిన పెదనాన్న నా పేర లైసెన్సు తెప్పించి, "పందుల్ని ఆపావంటే ఆ చేను నీదేరా. నీ వల్ల కాదంటే చీరాల బట్టలకొట్లో గుమాస్తాగా చేరిపో" అన్నాడు. ఆ చేనంటే నాకు ప్రాణం. నెల రోజులపాటు రోకలి భుజానికెత్తి గురి చూడడం సాధన చేశాను. ("ముందు ఆ పిండి దంచి పెట్టరా, తర్వాత పందుల్ని దంచుదువుగాని" అనేది పెద్దమ్మ.) ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు కర్రాబిళ్ళ ఆటలో దెబ్బ తగిలి నా కుడి కంటికి అంతా మసకే. ఆ మాట బయటపడితే తుపాకీ, చేను రెండూ పోతాయని భయం.

తుపాకీ కొనడానికి పెదనాన్నా నేనూ మిరపబస్తాల మధ్య ఇరుక్కుని గుంటూరు బస్సులో వెళ్ళాం. తుపాకుల కొట్టు సాయిబు గారు పెద్దాయన. బాతుల బొమ్మలు చెక్కిన జోడు గొట్టాల తుపాకీ ఒకటి ఆయన బల్ల మీద పెట్టగానే నా మనసు దాని మీద పడిపోయింది. (ఆ బాతుల్ని తప్ప నేనింకేమీ చూడలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) పెదనాన్నకేమో జీవితంలో ఎద్దుల బేరం తప్ప మరో బేరం తెలియదు. తుపాకీ వీపు నిమిరాడు, వెనక తట్టాడు, పళ్ళు చూసినట్టు గొట్టాల్లోకి తొంగి చూశాడు. చివరికి రెండిట్లోనూ వేలు దూర్చి, ఎడమ గొట్టం చూపిస్తూ, "ఏమండీ సాయిబు గారూ, జత కుదర్లేదే! దాపటిది ఇరుగ్గా ఉంది" అన్నాడు.

"అది అంతేనండి. వలపటిది దగ్గర వేటుకి, దాపటిది దూరం వేటుకి" అన్నారు సాయిబు గారు ఏమాత్రం నవ్వకుండా. ఎద్దుల భాషలోనే జవాబు వచ్చేసరికి పెదనాన్న మెత్తబడ్డాడు.

తర్వాత సాయిబు గారు తుపాకీని మధ్యకి వంచి తెరిచి, గొట్టాలు ఖాళీ అని చూపించి, నా చేతికిచ్చి గోడ మీది కాలెండరుకు గురి పెట్టమన్నారు. పెట్టాను. అంటే, పెట్టాననుకున్నాను. గొట్టాలు మాత్రం దాని పక్కన నిలబడ్డ పెదనాన్న మీసం మీదున్నాయి.

"ఒరేయ్, నేనేం పాపం చేశాన్రా!" అని అరిచాడాయన.

"బస్సులో మిరప ఘాటండీ, కళ్ళు మండుతున్నాయి" అన్నాను. సాయిబు గారు అరచేత్తో నా ఎడమ కన్ను మూసి, రెండో చేతి వేళ్ళు ఎన్నో చెప్పమన్నారు. ధైర్యంగా మూడన్నాను.

"నేనింకా చెయ్యి ఎత్తనే లేదు బాబూ" అన్నారాయన.

ఇక దాచేదేముంది, అంతా చెప్పేశాను. బట్టలకొట్లో గజంబద్ద పట్టుకుని నిలబడ్డ నేను నాకే కనిపించాను. సాయిబు గారికి మాత్రం ఇదేమీ విశేషంలా లేదు. "కుడిది కాకపోతే ఎడమది ఉందిగా, భుజం మార్చు" అన్నారు. బాతుల తుపాకీ కుడి భుజంవాళ్ళకు చేసిందట, అది లోపల పెట్టేసి, బొమ్మా గిమ్మా లేని ఒంటి గొట్టం తుపాకీ తెచ్చి నా ఎడమ భుజానికి ఆనించారు. గొట్టం తిన్నగా కాలెండరు మీద నిలబడింది. నేను భయంభయంగా పెదనాన్న వైపు తిరిగాను.

"ఎద్దుని కొనేముందు రెండు కళ్ళ ముందూ కండువా విసిరి చూస్తానే! ఇంట్లో పెరిగినవాణ్ణి ఇన్నేళ్ళూ చూసుకోలేకపోయాన్రా" అన్నాడాయన. తర్వాత ముక్కు చీదుకుని, "అదే ఇవ్వండి సాయిబు గారూ. చేను వాడిదే" అన్నాడు.

బస్టాండుకి నడుస్తుంటే ఎప్పుడూ లేనిది ఆయన నా కుడి పక్కకి వచ్చాడు. "ఈ పక్క నేను చూస్తాలే, నువ్వు నడు" అన్నాడు. ఆ ఏడు నా తుపాకీకి ఒక్క పందీ పడలేదు, చప్పుడుకే పారిపోయాయి. వేరుశనగ మాత్రం ఇల్లు చేరింది. ఉన్నన్నాళ్ళూ పెదనాన్న నా కుడి పక్కనే నడిచాడు. అందుకేనేమో, ఈ వయసులో కూడా ఎడమ వైపు మాత్రమే చూసుకుని దర్జాగా రోడ్డు దాటేస్తుంటాను. కుడి వైపు నుంచి ఎవరో లారీ డ్రైవరు బ్రేకేసి, తల బయటపెట్టి తిట్టినప్పుడు గాని, ఆయన పోయాడన్న సంగతి నాకు గుర్తు రాదు.