నోరు తీపి చేసిన ఎనిమిది ఇటుకలు

2025 ఫిబ్రవరి పద్దెనిమిదో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు. నిజామాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల వరండాలో వేలాడుతున్న ఉష్ణమాపకం ఇరవై ఏడు డిగ్రీలు చూపిస్తోంది. ఇటుకను నలగ్గొట్టే రోజున వాతావరణాన్ని కూడా నమోదు చేయాలన్నది మా నియమం. ఎండకూ ఇటుకకూ సంబంధమేమిటని ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా, నమోదు చేయడం మాత్రం మానలేదు.

నేను రోడ్లూ భవనాల పనుల్లో ముప్పై నాలుగేళ్లు చేసి విరమించిన ఇంజనీరును. ప్రభుత్వ కట్టడాల్లో వాడదలచిన కొత్తరకం సామగ్రిని పరీక్షించి యోగ్యతా పత్రం ఇవ్వవచ్చునో లేదో చెప్పే సంఘంలో ఒక సభ్యుణ్ణి. ఆ పత్రం లేని ఇటుక ఎంత గట్టిదైనా బడి గోడలోకి రాదు, అంగన్‌వాడీ గోడలోకీ రాదు.

ఆ రోజు మా ముందున్నది చెరకు పిప్పి బూడిదతో చేసిన ఇటుక. బోధన్ చుట్టుపక్కల బెల్లం బట్టీల పొయ్యిల్లో పిప్పి కాలగా మిగిలే బూడిదను తెచ్చి, జల్లించి, సిమెంటులో కొంత భాగానికి బదులుగా కలుపుతారు. ఎడపల్లిలో ఒక రేకుల షెడ్డు కింద పదిమంది ఆడవాళ్లు ఆ పని చేస్తారు. అందరూ అంతకుముందు బీడీలు చుట్టినవాళ్లే. వాళ్ల పెద్దను ఊరంతా అక్క అంటుంది. వయసులో నాకన్నా పాతికేళ్లు చిన్న అయినా నేనూ అక్క అనే అంటాను. మరో పిలుపుకు ఆవిడ పలకదు.

అక్కకు వచ్చిన చిక్కు ఇటుకతో కాదు, మాటతో. గృహప్రవేశానికి ముహూర్తాలు చూసుకునే జనం బూడిద అన్న మాట వినగానే దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. "ఇల్లు కట్టుకుంటమంటె బూడిద అంటగడ్తవేందక్కా" అన్నారట. అందుకే దరఖాస్తులో ఆవిడ వస్తువు పేరు "చెరకు ఇటుక" అని రాసింది. పేరు మారినా కొనేవాళ్లు రాలేదు. ఇక మిగిలిన దారి ప్రభుత్వ పనులు. ఆ వేసవికి పత్రం చేతికి రాకపోతే షెడ్డు మూసి పదిమందీ మళ్లీ బీడీల చాటల ముందు కూర్చోవలసిందే. ఈ సంగతి ఆవిడ నాకు ఒకేసారి చెప్పింది, బతిమాలకుండా చెప్పింది. నేను కూడా ఒకేసారి, అది నా లెక్కలో చేరదని చెప్పాను.

నియమం సులువైనది. ఎనిమిది ఇటుకలను యంత్రం కింద ఒక్కొక్కటిగా నలగ్గొట్టాలి. చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల బరువు ఓర్చిందో చూడాలి. ఎనిమిదింటి సగటు అయిదుకు తగ్గకూడదు. ఏ ఒక్కటీ నాలుగుకు తగ్గకూడదు. తొలి విడత నమూనాలను తయారీదారులే పంపవచ్చు. అక్క ఎనిమిది ఇటుకలను గోనెసంచుల్లో చుట్టి, ట్రాలీ ఆటోలో స్వయంగా తెచ్చింది.

మొదటి ఇటుక ఒకటి పాయింట్ రెండు దగ్గర కూలింది. పగలడం అనను, అటుకుల ముద్దలా విడిపోయింది. రెండోది ఒకటి పాయింట్ అయిదు. ఎనిమిదీ అయ్యేసరికి సగటు ఒకటి పాయింట్ నాలుగు.

అక్క వంగి ఒక ముక్కను చేతిలోకి తీసుకుంది.

"గిదేంది సార్? మా ఇంటెనుక గోడ గీ ఇటుకలతోనే కట్టినం. నిరుడు ట్రాక్టర్ గుద్దితె ట్రాక్టర్‌దే బంపర్ వంగింది."

"ట్రాక్టరును పరీక్షా సాధనంగా మా నియమావళి గుర్తించలేదమ్మా."

"గుర్తించుండ్రి సార్. మీ మిషన్ కన్న నయం."

ఇంతలో ముక్కలను ఊడుస్తున్న ప్రయోగశాల సహాయకురాలు చీపురు ఆపింది.

"సార్, గీ ఇటుకలకు చీమలు పట్టినయి."

"ఇటుకలకు చీమలు పట్టవు. సరిగా చూడు."

"నేను సరిగనే చూస్తున్న సార్. అవిటికే తెలుస్తలేదు అవి ఇటుకలని."

వంగి చూశాను. కిటికీ గుండా బారుగా వచ్చి, యంత్రం కాళ్లను చుట్టి, ముక్కల మీదికి ఎక్కుతున్నాయి. నివేదికలో చీమలకు గడి లేదు కనుక వాటిని రాయలేదు. కానీ విఫలమైన నమూనాకు కారణం తెలిస్తే, ఆ కారణం రుజువైతే, రెండో విడతకు అవకాశం ఇవ్వవచ్చునని నియమంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని పట్టుకుని శుక్రవారం, ఇరవై ఒకటో తేదీన ఎడపల్లి వెళ్లాను.

షెడ్డు బయట వరుసలుగా ఇటుకల దొంతరలు, ప్రతి దొంతరకూ చేసిన తేదీ సున్నంతో రాసి ఉంది. అది చూడగానే ఆ షెడ్డు మీద నాకు గౌరవం కలిగింది. దొంతరలోని ఇటుకను గోటితో గీకాను, గోరే అరిగింది. మరి నాకు పంపినవి ఎందుకు అటుకులయ్యాయి?

అక్కడ పాళ్లు కలిపే పని ఒక మేస్త్రీది. డెబ్బై దాటిన మనిషి, బోధన్ వాడు. అందరికీ చాచా. తాతల నాటి నుంచి వాళ్లది కట్టడం పని. నన్ను చూడగానే చాయ్ తెప్పించి, ఎదురుగా కూర్చుని, పిల్లల ఫలితాల కోసం బడికి వచ్చిన తండ్రిలా అడిగాడు.

"సాబ్, మా పిల్లలు ఎట్ల రాసిండ్రు?"

"తప్పారు."

"ఎట్ల తప్పుతరు? గా ఎనిమిదింటికి నేను అలగ్ ఇంతెజాం చేసిన గద!"

ప్రత్యేక ఏర్పాటు అన్న మాట వినగానే షెడ్డులో ఇటుకలు అచ్చు పోసే మిషను ఆగింది. అక్క చేతిలోని తట్ట కింద పెట్టింది.

"ఏం ఇంతెజాం చాచా?"

"ఏం లేదు బేటీ. ఇమ్తెహాన్‌కు, గదే పరీక్షకు, పోయే పోరలకు ఇంట్ల దహీ చక్కెర తినిపిస్తం గద. గట్లనే జర నోరు మీఠా చేసి పంపిన."

"ఇటుకకు నోరేడిది చాచా!"

"నీళ్లల్ల బెల్లం కలిపిన. అసలు బెల్లం, మన బట్టీదే. మా అబ్బా డంగు సున్నంల బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి కట్టిండు. గా గోడలు ఇయ్యాల్టికి గూడ మేకు దిగనియ్యయి. పరీక్ష ఇటుకలాయె, జర ఎక్కువ మజ్బూత్ ఉండాలె అనుకున్న."

చాచా చెప్పినదాంట్లో సగం నిజం. గానుగలో నూరిన సున్నానికి బెల్లం బలమే. నేను బాగుచేయించిన పాత కట్టడాల్లో ఆ రుజువు చూశాను. కానీ సిమెంటు విషయంలో అది తలకిందులు. నీళ్లలో తీపి చేరితే సిమెంటు బిగుసుకోవడం మరిచిపోతుంది. అదే వాళ్లకు చెప్పాను. రోజూ చేసే ఇటుకలన్నిటికీ చాచా మామూలు నీళ్లే పోశాడు. ప్రేమ ఎక్కువై ఈ ఎనిమిదింటిని మాత్రమే పాడు చేశాడు.

"ఎంత పోసినవ్?" అంది అక్క.

"ఎక్కువ లేదు. రెండు ముద్దలు."

"రెండు ముద్దలా! మేం బోనం వండితె గూడ గంత వెయ్యం! చెరకు ఇటుక అని పేరు పెడ్తె నువ్వు నిజంగనే చెరకు తాగిపిచ్చినవ్ గద చాచా!"

అచ్చుల దగ్గరున్న ఆడవాళ్లలో ఎవరో పకపకా నవ్వారు. చాచా మాత్రం నవ్వలేదు. ఆయన గ్లాసులో చాయ్ చల్లారిపోయింది. "నా చేతులారా చేసిన్నా" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి అక్క కోపం మానేసి ఆయన పక్కన కూర్చుంది.

"ఊకో చాచా. చేసింది చేసినవ్. ఇప్పుడు సారు ఏం జేస్తడో సూద్దాం."

సారు మాటను నమ్మడు. ఒప్పుకోలు కూడా మాటే. రెండు ఖాళీ డబ్బాలు తెప్పించాను. ఒకే పాళ్లలో రెండు ముద్దలు కలిపించి, ఒకదానికి మామూలు నీళ్లు, రెండోదానికి చాచా కొలత ప్రకారం బెల్లం నీళ్లు పోయించాను. డబ్బాలకు కాగితం అంటించి సంతకం పెట్టి, గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను.

"సార్, గది మా బియ్యం గది," అంది అక్క. "రాత్రి ఏం వండుకోవాలె?"

కావలసిన బియ్యం తీసుకోనిచ్చి మళ్లీ తాళం వేశాను.

శనివారం అదే వేళకు తలుపు తీశాం. మామూలు డబ్బాలోని ముద్ద మీద తాళంచెవితో కొడితే టక్కుమంది. బెల్లం డబ్బాలోని ముద్ద మీద బొటనవేలు పెట్టి నొక్కితే, గీతలతో సహా అచ్చు పడింది.

"గింత సదువుకున్న సాబ్ గూడ అంగూఠా పెట్టిండు!" అన్నాడు చాచా. రెండు రోజుల్లో ఆయన మొహంలో అదే మొదటి నవ్వు.

ఆ రెండు డబ్బాల ఫొటోలు తీసి పంపితే సంఘం రెండో విడతకు ఒప్పుకుంది. ఒకటే షరతు: ఈసారి నమూనాలను నేనే ఎంచుకోవాలి, ఇరవై ఎనిమిది రోజులు నిండిన దొంతరల నుంచి మాత్రమే. సోమవారం మళ్లీ వెళ్లాను. నా చేతిలో వరుస లేని అంకెల కాగితం ఉంది. కాగితం ఏ అంకె చూపితే ఆ ఇటుకనే తీయాలి. చాచా నా వెంటే తిరిగాడు.

"సాబ్, గది తీస్కోండ్రి. శానా మంచిది."

"అందుకే తీసుకోను."

"మరి గీ మూల పోయిందెందుకు తీస్తున్నరు?"

"కాగితం తీయమంది."

చాచా నా కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి అక్కతో మెల్లిగా అన్నాడు: "సాబ్ పిల్లను సూడ పోయినప్పుడు గూడ గీ కాగితమే పట్టుకపోయిండేమో."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే, మా ఆవిడ ఖండించలేదు.

ఎనిమిదింటికీ ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి, నా కళ్లముందే ఆటో ఎక్కించాను. పరీక్ష మంగళవారం, ఇరవై అయిదో తేదీ. మరునాడు శివరాత్రి సెలవు కావడంతో కళాశాల అప్పటికే సగం ఖాళీ అయింది. అక్క వచ్చింది. చాచా కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. యంత్రం గదిలోకి వెళ్లేముందు అక్క ఆయన్ను గుమ్మంలోనే ఆపింది.

"జేబులు చూపియ్యి చాచా."

చొక్కా జేబులో కాగితం పొట్లం, అందులో చిన్న బెల్లం ముక్క.

"గిది మనుషులకు బేటీ! మనుషులకు!"

అక్క పొట్లం లాక్కుని తన పిడికిట్లో దాచుకుంది.

మొదటిది అయిదు పాయింట్ ఆరు. చప్పుడు చేసి పగిలింది, ఇటుక పగలవలసినట్టే. తర్వాత అయిదు పాయింట్ ఒకటి, అయిదు పాయింట్ ఎనిమిది. నాలుగోది నాలుగు పాయింట్ తొమ్మిది. చాచా కళ్లు మూసుకున్నాడు. అయిదోది అయిదు పాయింట్ నాలుగు, ఆరోది సరిగ్గా ఆరు. ఏడోది ఆ మూల పోయిన ఇటుక. ముల్లు మూడు దాటి, మూడున్నర దగ్గర వణికింది. సహాయకురాలు చీపురు వదిలి యంత్రం దగ్గరికి వచ్చింది. నాలుగు పాయింట్ ఒకటి దగ్గర ఇటుక రెండు చెక్కలైంది.

"ఉన్నదా సార్? పోయిందా?" అంది అక్క. చెయ్యి తెరిస్తే బెల్లం కరిగి వేళ్లకు అంటుకుపోయి ఉంది.

"ఇంకొకటి ఉంది" అన్నాను. అంతకుమించి చెప్పడానికి అప్పటికి అంకె లేదు.

ఎనిమిదోది అయిదు పాయింట్ అయిదు. కూడికను నేను రెండుసార్లు చేశాను, సహాయకురాలు ఒకసారి చేసింది, మూడూ కలిశాయి. ప్రభుత్వ భవనాల గోడలకు ఈ ఇటుకను వాడవచ్చునని సిఫారసు రాసి, అక్కడే సంతకం పెట్టాను. అక్క ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. చెయ్యి కడుక్కుని వస్తానని నల్లా దగ్గరికి వెళ్లి, చాలాసేపటి దాకా రాలేదు.

పరీక్షకు పెట్టినవి ఎనిమిది. మొత్తం నలభై రెండు పాయింట్ నాలుగు, సగటు అయిదు పాయింట్ మూడు, కనిష్ఠం నాలుగు పాయింట్ ఒకటి. తప్పినవి సున్నా.