నిదానమ్మ నాట్లు

నా తోడికోడలికి నిదానమ్మ అని పేరు పెట్టింది నేనే. మా ఇద్దరి చేలకీ మధ్య ఒక్క గట్టే అడ్డం. అయినా ఎవరి నోట విన్నా ఆవిడ పైరే, ఆవిడ చెయ్యే. వినీ వినీ నా కడుపు రగిలిపోయేది.

ఈసారి మిల్లు యజమాని ఒక మాట అన్నాడు. ఎవరి బియ్యం విరగకుండా వస్తాయో, వచ్చే ఏడు మంచి ధరకి కొనే విత్తనం పంట వేసే అవకాశం వాళ్ళకేనట. అది నాకే దక్కాలి. పోనీ, ఇంకెవరికైనా పోనివ్వండి, ఆవిడకి మాత్రం పోకూడదు!

అందుకే అందరికన్నా ముందు నాట్లు వేయించాను. ఆవిడ మడిలోంచి నా చేలోకి కాలువ నీళ్ళొచ్చే గండికి మట్టి కొట్టించి, బోరు నీళ్ళతో సరిపెట్టుకున్నాను. నిదానమ్మ అప్పటికి నారు కూడా పోయలేదు.

"అక్కా, ఇంత ముందు నాటితే గింజ పాలు పోసుకునేటప్పటికి ఎండలు తగ్గవేమో" అంది గట్టు మీద నిలబడి.

"నీ నిదానం నువ్వు చూసుకో తల్లీ, నాకు పాఠాలు చెప్పకు" అన్నాను.

నా చేలో వరి వెన్నులు ముందు వంగాయి. ఆవిడ చేను ఇంకా పచ్చగానే ఉంది. ఎంత సంబరపడ్డానో! కానీ పగలు నిప్పులు చెరిగే ఎండ, రాత్రి కూడా ఉక్క. చేలో నీళ్ళు కాలికి వెచ్చగా తగిలేవి.

"కాలువ నీళ్ళు పెడితే చేను చల్లబడుతుంది. మరదల్ని అడుగు" అన్నాడు మా ఆయన.

"చచ్చినా అడగను" అన్నాను.

మిల్లులో నా వడ్లు ఆడించారు. యజమాని గుప్పెడు బియ్యం వెలుతురుకి పట్టాడు. ఏ గింజ చూసినా మధ్యలో సుద్దలాంటి తెల్లమచ్చ. "వేడికి లోపల పిండి కుదురుగా పేరుకోలేదమ్మా. గుల్లగా ఉండిపోయింది, మరలో పడితే విరిగిపోతోంది" అన్నాడు. సగానికి సగం నూకలే.

ఎండలు చల్లబడ్డాక పండిన నిదానమ్మ బియ్యం మాత్రం గాజులా వచ్చాయి. విత్తనం పంట ఆవిడకే ఇచ్చారు.

ఆ సాయంత్రం నిదానమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. నూకలు చెరుగుతున్నదాన్ని తలెత్తలేదు.

"అక్కా, విత్తనానికి నా చేనొక్కటే చాలదట. నీదీ కలిపి ఇస్తామని చెప్పొచ్చాను. నాట్లు మాత్రం ఇద్దరం ఒకేసారి వేద్దాం."

ఒకేసారి అంటే ఆవిడ చెప్పినప్పుడే! దెప్పినా బాగుండేది, నాలుగు దులిపేసేదాన్ని. దెప్పకుండా పక్కన కూర్చుని నా చేటలో రాళ్ళు ఏరుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అయితే నీళ్ళకి కూడా నిన్నే అడగాలన్నమాట" అన్నాను.

"అడగడమెందుకక్కా? ఎండలు ముదిరిన రోజే నా వైపు గండి తీశాను. నీ వైపు మట్టి అడ్డముండి నీళ్ళు వెనక్కి తన్నాయి."

చేట ఇద్దరి మధ్యకీ జరిపి నేనూ రాళ్ళు ఏరసాగాను.

"ఎప్పుడు నాటమంటావో చెప్పు" అన్నాను.