యాడ ఆగింది?

మదనపల్లె కాలేజీలో మా ఎకనామిక్స్ సారు ప్రపంచ పటం పరిచారంటే క్లాసంతా హుషారే. కెన్యా, నేపాల్, పెరూ... ఏ దేశాలను పోల్చినా ఆయనది ఒకటే ప్రశ్న: "ఎదుగుదల యాడ ఆగింది?" రోడ్లనీ, కరెంటనీ మేం అరిచేవాళ్ళం.

ఒకరోజు జవాబు తెలియక పటం మీద ఎక్కడో వేలు పెట్టి, "ఆడ సార్!" అన్నాను.

ఆయన సంబరంగా బల్ల చరిచారు. "కరెక్టుగా చెప్పినావమ్మా! ఆడపిల్లను బడి మాన్పించిన దేశం ఆడనే ఆగిపోతాది!"

ఆ వేసవిలోనే నాన్న నా చదువు మాన్పించబోయాడు. సారు పటం చంకన పెట్టుకుని పుంగనూరులో మా ఇంటికొచ్చారు. అందులో పేరు కూడా లేని మా ఊరు ఉండాల్సిన చోట వేలు పెట్టి, "ఈడ ఆగకూడదప్పా" అని నాన్నతో అన్నారు.

ఇప్పుడు కుప్పంలో నేనదే పాఠం చెబుతున్నాను. మొన్న "యాడ ఆగింది?" అని అడగ్గానే ఒక పిల్ల లేచి నిలబడింది.

"ఈడ మాత్రం ఆగలేదు మేడమ్!"