గీత మిగిలిన ముక్కలు

ఆ సన్నని టేకు ముక్కలు మంటలో వంకరపోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు. ఇన్నేళ్లు లోపల మోసిన బరువును ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరు ఎత్తుకోనక్కరలేదు, వింటే చాలు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ధూల్‌పేట్‌లోని మా వడ్రంగి కార్ఖానా సేఠ్, మిలిటరీ సామాను వేలంలో ఒక కరెంటు రంపం కొన్నాడు. చేత్తో పట్టుకుని తోసేది. గుండ్రటి బిళ్ల, చుట్టూ పళ్లు. దాని మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి, నడపడం నేర్చుకున్నది నేనొక్కడినే. బడి మెట్లెక్కనివాణ్ణి, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఎంత పొగరు నాకు! చెక్క మీద గీత గీసేది మాత్రం వీరాచారి. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. గీత పక్కన తిన్నని చెక్క పట్టీ బిగించి, రంపం అంచును దానికి ఆనించి తోస్తే కోత తిన్నగా వస్తుంది. రంపం తన మందమంత చెక్కను తినేస్తుంది గదా, అందుకని పళ్లు పారేసే ముక్క వైపే పడాలి. గీత మనం ఉంచుకునే పలక మీద మిగలాలి.

బార్కస్‌లో ఒకరింటికి పెద్ద తలుపు చేస్తున్నాం. పట్టీ నేనే బిగించాను. తొందరలో పళ్లు గీతకు లోపలివైపు, ఉంచుకునే పలక మీదే పడేట్టు బిగించాను. పలకలన్నీ అలాగే కోసేశాను. తలుపు నిలబెట్టిననాడు రెండు రెక్కల సందులోంచి వీధి కనిపించింది.

మా కార్ఖానాలో కోతకు జవాబుదారి గీత గీసినవాడే.

"మిషన్ తప్పు జేస్తదా? ఏంది ఉస్తాద్, కండ్లు పోయినయా?" అని సేఠ్ అందరి ముందు అరిచాడు.

ఉస్తాద్ పలకల అంచులు తడిమి నా వైపు తిరిగాడు. "పట్టీ సక్కగనే బిగిస్తివా బిడ్డా?"

"మీ గీత జూసే బిగించిన ఉస్తాద్."

"గట్లయితే నా కండ్లే."

పారేసిన ముక్కలు చూస్తే నిజం తెలిసిపోయేది. గీత చెక్కుచెదరకుండా వాటి మీదే ఉంది. మర్నాడు అందరికంటే ముందు కార్ఖానాకు చేరి, వాటిని ఏరి, జిగురు కాచే పొయ్యిలో వేశాను. పని పోతుందనా? కాదు. మిషన్ తెలిసినవాడినన్న పేరు పోతుందని. ఆ తరువాత ఏళ్ల తరబడి సేఠ్‌ను తిట్టుకున్నాను, మనిషిని నమ్మని ముండాకొడుకని. ఆ కోపం నిజంగా ఎవరి మీద?

ఉస్తాద్ పని మానేశాడు. కొన్నాళ్లకు సైదాబాద్‌లో ఆయన ఇంటికి వెళ్లాను, చెప్పేద్దామనే. గడపలో కూర్చుని బొంత కుడుతున్నాడు.

"రా బిడ్డా. నీ మిషన్ బాగున్నదా? నాకింక బొంతలే గతి. గీత గియ్యాల్నంటే భయమైతది. కండ్లు కనవడ్తలెవ్వు."

నవ్వుతూ అన్నాడు. అంటూనే సూదిలో దారం ఎక్కించాడు. ఒక్కసారికే బెజ్జంలోకి పోయింది. ఆయన గమనించలేదు. నేను గమనించాను. అయినా చాయ్ తాగి లేచి వచ్చేశాను.

ఆయన ఇప్పుడు లేడు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలోది కాదు. ఒక్క మాట మాత్రం వినండి. ఆయన గీత సరిగ్గానే ఉంది. ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. పట్టీ తప్పు బిగించింది నేను.