దమ్ము తెగిందా, తెంచానా?

చప్పట్లు కొట్టింది మీరే. ఆ రోజు కోదాడ మైదానంలో లారీల మీదికెక్కి గొంతులు పోయేలా అరిచింది మీరే. మొన్న సూర్యాపేటలో మా డ్రిల్ సారు చనిపోతే, ఆయన వెంట శ్మశానం దాకా నడిచినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. కబడ్డీ అంటే ప్రాణమని చెప్పుకుంటారే, ఎక్కడికి పోయారు? ఆట ఉంటే చాలు, ఆడించినవాడు పోతే మీకేం?

నివాళి ఇలా మొదలుపెట్టరని నాకు తెలుసు. కానీ మిర్యాలగూడ స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే ఈ కబురు చెప్పారు. వినగానే ఏడుపు రాలేదు. ‘ఇక ఎవరిని అడగాలి?’ అనిపించింది. అప్పటినుంచి బుర్ర కుదురుగా లేదు. ఈ రాత కూడా కుదురుగా ఉండదు.

యాభై ఆరులో, కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, ఆయన మా హైస్కూలుకు వచ్చారు. పొట్టి మనిషి. ఆటకు ముందు మమ్మల్ని వరుసగా నిలబెట్టి చేతులు చాపమనేవారు. జేబులోంచి బ్లేడు తీసి ఒక్కొక్కరి గోళ్లు ఆయనే తీసేవారు. తర్వాత భుజం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవారు. ఒంటికి నూనె రాసుకుంటే పట్టు జారుతుంది కదా.

“కొబ్బరినూనె గాదుర ఇది? పెండ్లికొచ్చినవా, ఆటకొచ్చినవా?”

“తలకు రాసుకున్న సార్.”

“తలకాయ భుజం మీదికి దిగిందా నీకు? పో, మట్టితోటి రుద్దుకొని రా.”

ఆయన నోట ఎక్కువగా వినపడే మాట ‘దమ్ము’. మా దిక్కు దమ్ము అంటే ఊపిరి, ధైర్యం కూడా. అవతలి జట్టులోకి పోయినవాడు ఒక్క ఊపిరితో కూత పెడుతూ మధ్యగీతకు తిరిగి రావాలి. పట్టుబడ్డాక కూత ఆగితే ఔట్. పట్టేవాళ్లకు సారు నేర్పింది ఒకటే: “వాని దమ్ము తెంపుండ్రి.” కాలు పట్టండి, నడుము పట్టండి, మీద పడండి, వాడి ఊపిరి అయిపోయేదాకా వదలకండి అని అర్థం. నోరు మూస్తే తొండి. అదీ చెప్పారు. కాకపోతే అది ఏడాదికొకసారి చెప్పారు. ‘దమ్ము తెంపుండ్రి’ మాత్రం రోజూ చెప్పారు.

సాగర్ కాలువ నీళ్లు వచ్చాక బియ్యం మిల్లులు లేచాయి. మిల్లుకో జట్టు. ఆటగాళ్లను సీజనుకు కిరాయికి మాట్లాడుకునేవారు. బతుకుదెరువు కోసం ఆడేవాళ్లం, సరదాకు కాదు. నేను మిర్యాలగూడలో ఒక మిల్లుకు ఆడాను. ఆ ఏడు కోదాడలో జరిగిన ఫైనల్లో మాకు ఎదురుపడింది అక్కడి మిల్లు జట్టు. గెలిస్తే పర్మినెంటు పని ఇస్తామని రెండు మిల్లుల సేట్లూ తమ ఆటగాళ్లకు మాటిచ్చారు. రెఫరీగా మా సారును పిలిచారు. శిష్యుడని నన్ను వెనకేసుకురారని అందరికీ నమ్మకం.

కోదాడ జట్టులో కూతకు వచ్చేవాడు బస్తాలు మోసే హమాలీ. ఛాతీ తలుపంత ఉండేది. పాయింట్లు సమానంగా ఉన్నాయి, ఆఖరి కూత. మావాడొకడు అతని మడమ దొరకబుచ్చుకున్నాడు. అతను పడిపోయి, కూత ఆపకుండా, మావాణ్ని ఈడ్చుకుంటూ గీత వైపు పాకాడు. చేతికీ గీతకూ జానెడు దూరం. “తెంపుర! దమ్ము తెంపు!” అని మా సేటు బయటనుంచి అరుస్తున్నాడు. నేను అతని వీపు మీద పడ్డాను. ఎడమ చెయ్యి ఛాతీ చుట్టూ వేశాను. కుడి ముంజేయి అతని నోటి మీద ఉంది. కూత ఆగింది. విజిల్ మోగింది.

“దమ్ము తెగింది. ఔట్.”

హమాలీ లేచి సారు దగ్గరికి వచ్చాడు. “తెగలేదండీ! వీడు నోరు మూశాడండీ! నా నోరంతా వీడి చెమటే, ఉప్పగా ఉందండీ!”

జనంలోంచి ఎవరో అన్నారు: “ఉప్పు సరిపోయిందా అన్నా, ఇంకింత ఏయాల్నా?”

మీరంతా నవ్వారు. నవ్వారా లేదా?

నాకు పర్మినెంటు వచ్చింది. అతను సీజను కూలీగానే మిగిలిపోయాడు. సారు ఆ తర్వాత ఏ ఆటకూ రెఫరీగా నిలబడలేదు.

మూడేళ్ల కింద ఆయన ఇంటికి పోయాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఉండబట్టలేక అడిగేశాను.

“సార్, ఆనాడు నేను మూసిన్నా?”

“గది నన్నడుగుతవేందిర? చెయ్యి నీదా, నాదా?”

“వాని దమ్ము ముందు ఆగిందో, నా చెయ్యి ముందు పడ్డదో నాకు తెల్వది సార్.”

“నాకు గూడ తెల్వది.”

“మరి ఎట్ల ఊదిండ్రు?”

“కూత ఆగింది, ఊదిన. ఎందుకాగిందో సూడలే.” ఇంకో కాయ తీసుకున్నారు. “తెంపుండ్రి, తెంపుండ్రి అని మీకు రోజు చెప్తి. అయిపోయేదాక పట్టుండ్రి అని చెప్తే సరిపోతుండె. మాటనే తప్పు నేర్పిన్నేమోర.”

నన్ను వాదన ఊరుకోనివ్వదు. “అట్లెట్ల సార్? డొక్కలు ఒత్తి ఊపిరి ఆపితే ఆటనట. అదే చెయ్యి బెత్తెడు పైకి పోతే తొండి అట. రెండింట్ల ఆగేది ఊపిరే గద? మరి గీత ఏడున్నది?”

“బరికి సున్నం గీతలు నేనే గీసేటోణ్ని. గా గీత మాత్రం ఏడ గీయాల్నో నాకు ఎవ్వలు చెప్పలే,” అన్నారు. “ఇగ కూసో, చాయ్ తాగి పో.”

ఆ తర్వాత ఆయన్ను చూడలేదు.

మిల్లులో సంఘం పెట్టుకున్నాక ఈ ప్రశ్న నన్ను మరీ తినేస్తోంది. సేట్లు ఎవరి నోరూ మూయరు. గేటుకు తాళం వేసి, కూలీల ఊపిరి అయిపోయేదాకా చల్లగా కూర్చుంటారు. దాన్ని వ్యాపారం అంటారు, పోటీ అంటారు. అది తొండేనని కరపత్రాల నిండా రాశాను. రాసిన చెయ్యి ఏది? అదే కుడి చెయ్యి. ఆ కరపత్రాలు రాసే తీరిక ఇచ్చిందీ ఆ రోజు దక్కిన పనే. మా సారంత నిజాయితీపరుణ్ని నేను చూడలేదు. ఆయన ఊదిన ఆ విజిల్ తప్పయి ఉండొచ్చు. రెండూ ఒకే నివాళిలో ఎలా ఇమడ్చాలో నాకు తెలియడం లేదు.

హమాలీనే అడగొచ్చుగా అంటారు. తన దమ్ము ఎప్పుడు ఆగిందో తెలిసినవాడు అతనొక్కడే. రెండుసార్లు కోదాడ బస్సెక్కాను. రెండుసార్లూ బస్టాండులో దిగి, తిరుగు బస్సు ఎక్కాను. దమ్ము లేకపోయింది.

సంతాప సభ పెడతారట. దండలు వద్దు. ఇవి చేయండి.

ఒకటి: మిల్లులో పనిని ఆట మీద పందెంగా పెట్టడం ఆపాలి.

రెండు: ప్రతి ఆటకు ఇద్దరు రెఫరీలు ఉండాలి. పట్టు పడగానే ఒకరు నోటిని మాత్రమే చూడాలి.

మూడు: ఆ హమాలీకి పర్మినెంటు పని ఇవ్వాలి. ఖాళీ లేదంటే నాది తీసి ఇవ్వాలి.

నాలుగు: అతనికి చదువు రాదు. కోదాడలో ఎవరైనా దీన్ని అతనికి చదివి వినిపించాలి. అతను చెప్పింది, తిట్టయినా సరే, ఒక్క ముక్క మార్చకుండా నాకు రాసి పంపాలి.